మీరడిగారు: హాస్టల్ పిల్లల నీరసం, నిద్ర, దిగులు

ఈ నెల వచ్చిన మెయిల్స్‌లో, వాట్సాప్ మెసేజ్‌లలో ఎక్కువ భాగం కాలేజీ పిల్లలవే, లేదంటే వాళ్ళ అమ్మానాన్నలవి. సెమిస్టర్ మొదలై మొదటి మిడ్ ఎగ్జామ్స్ దగ్గరపడేసరికి ఇవి పెరుగుతాయి. యూనివర్సిటీ హెల్త్ సెంటర్లో పనిచేసిన రోజుల్లో కూడా అంతే, ఆ టైమ్‌లోనే గుమ్మం దగ్గర క్యూ పెరిగేది, అందులో చాలామంది "జ్వరం మేడమ్" అని లోపలికొచ్చి తలుపేశాక అసలు సంగతి చెప్పేవాళ్ళు. అందుకే ఈసారి మొత్తం వీళ్ళ ప్రశ్నలకే ఇచ్చేస్తున్నాం. పేర్లు, కాలేజీల పేర్లు తీసేశాం, కొన్ని ఉత్తరాలు కాస్త కుదించాం.

ప్రశ్న: మేడమ్, నేను అనంతపురంలో బీటెక్ సెకండియర్, హాస్టల్లో ఉంటా. పొద్దున లేచిన దగ్గర్నుంచి నీరసం, మూడో ఫ్లోర్‌లో క్లాస్ ఉంటే మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకుని ఎక్కాల్సొస్తోంది, దువ్వెన నిండా జుట్టు, క్లాసులో కళ్ళు మూసుకుపోతున్నాయి. రాత్రంతా ఫోన్ చూస్తే అంతేగా అంటుంది అమ్మ. చూస్తాను నిజమే కానీ మరీ అంత కాదు. చదువు మీద ఇంట్రెస్ట్ పోయింది, నాకు డిప్రెషనేమో అని భయంగా ఉంది.

జవాబు: భయపడకమ్మా, ముందు ఒక్క పని చెయ్యి. రేపో ఎల్లుండో దగ్గర్లో ఉన్న ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి సీబీపీ అనే రక్తపరీక్ష చేయించుకో, అది అక్కడ ఫ్రీ. నువ్వు చెప్పినవన్నీ, మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, మగతగా ఉండడం, చదివింది బుర్రకెక్కకపోవడం, రక్తం తక్కువైన వాళ్ళకి వచ్చేవే. నీ వయసు ఆడపిల్లలకి హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. 11 లోపు ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, 8 కంటే తగ్గితే ఇంక ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టర్ దగ్గరికెళ్ళాలి. ఇదేదో నీ ఒక్కదానికే వచ్చింది కాదు, 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా, వందకి దాదాపు 58 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే మీ హాస్టల్ కారిడార్లో చూస్తే రూమ్‌కి ఒకరిద్దరు ఉన్నట్టే, కానీ అందరూ బద్ధకం అనిపించుకుంటూ తిరుగుతున్నారు.

ఇంకో రెండు విషయాలు నువ్వు రాయలేదు కానీ నేను అడగాలి. పచ్చి బియ్యం, బలపాలు, ఐస్ ముక్కలు నమలాలనిపిస్తుందా? చాలామంది అమ్మాయిలు ఇది సిగ్గుపడి చెప్పరు, రూమ్మేట్లకి కూడా కనపడకుండా డబ్బాలో దాచుకుంటారు, అది ఐరన్ తక్కువైందని శరీరం చెప్పే పెద్ద గుర్తు. రెండోది నెలసరి. ప్యాడ్ రెండు మూడు గంటలకే మార్చాల్సొస్తోందా, వారం దాటి అవుతోందా, గడ్డలు పడుతున్నాయా? అలా ఉంటే ఎన్ని ఐరన్ మాత్రలు వేసుకున్నా ఓ పక్క నింపుతుంటే ఇంకో పక్క పోతూనే ఉంటుంది, గైనకాలజిస్ట్‌కి చూపించుకుని ముందు దాని సంగతి తేల్చాలి.

ఐరన్ మాత్ర డాక్టర్ రాసిస్తే, వేసుకున్నాక మలం నల్లగా అవుతుంది, కంగారుపడి మానేయకు. కడుపులో తిప్పుతుంటే రోజు విడిచి రోజు వేసుకునేలా మార్చమని డాక్టర్ని అడుగు. మాత్ర నిమ్మరసంతోనో, జామకాయ తిన్నాకో వేసుకుంటే బాగా పడుతుంది. టీ, కాఫీ మాత్రం అన్నానికీ మాత్రకీ గంట ముందు, గంట తర్వాత వద్దు. హాస్టల్ పిల్లలు చేసే పనేంటంటే పొద్దున ఇడ్లీ కౌంటర్ దగ్గర లైన్ చూసి టిఫిన్ మానేసి రెండు టీలు తాగి క్లాసుకెళ్ళిపోవడం, మధ్యాహ్నం పప్పన్నం తిన్న వెంటనే మళ్ళీ టీ, ఉన్న కాస్త ఐరన్ కూడా ఒంటికి పట్టకుండా పోయేది అక్కడే. ఇంటి నుంచి ఏదన్నా తెచ్చుకునేటప్పుడు పచ్చళ్ళతో పాటు పల్లీ చిక్కీ, వేయించిన శనగలు, నువ్వుండలు తెచ్చుకో. నాన్‌వెజ్ తింటే వారానికోసారన్నా కార్జం, రోజూ గుడ్డు. శాకాహారివైతే బీ12 కూడా చూపించుకో. డాక్టర్ని అడిగి థైరాయిడ్, నులిపురుగుల మాత్ర సంగతి కూడా తేల్చుకో.

రక్తం సరిపడా ఉండి కూడా ఏమీ చెయ్యబుద్ధి కావట్లేదు, ఇష్టమైనవి కూడా నచ్చట్లేదు, ఏడుపొస్తోంది అంటే, రెండు వారాలు దాటి అలాగే ఉంటే, అప్పుడు నువ్వన్న డిప్రెషన్ గురించి మాట్లాడదాం. దానికీ మందుంది. మీ అమ్మకి ఈ రిపోర్ట్ ఫోటో తీసి పంపు, చూస్తే ఆవిడే ముందు కదులుతుంది.

ప్రశ్న: రేపు ఎగ్జామ్ అంటే ఈ రోజు నైటౌట్ చెయ్యడం మా బ్యాచ్‌కి అలవాటు. ఎనర్జీ డ్రింకులు, టీ తాగి తెల్లార్లూ చదువుతాం, హాల్లోకి వెళ్ళాక చదివిందేదీ గుర్తురావట్లేదు. ఏం చెయ్యాలి? (వరంగల్)

జవాబు: పడుకోవాలి నాన్నా, అంతే. చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే, ఆ నిద్ర లేకుండా చేసి గుర్తు రావాలంటే ఎలా వస్తుంది. నీ వయసుకి రోజుకి 7 నుంచి 9 గంటలు నిద్ర కావాలి, పరీక్షల్లో తప్పకపోతే 6కి తగ్గించు, సున్నాకి కాదు. కెఫీన్ తాగాక అందులో సగం కరగడానికే అయిదారు గంటలు పడుతుంది, రాత్రి పదింటికి తాగింది తెల్లవారుజాము మూడింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది, అందుకే నాలుగింటికి పడుకున్నా అది నిద్ర కాదు. సాయంత్రం నాలుగు తర్వాత మానెయ్. మెడికల్ షాపులో ఎవరో సీనియర్ చెప్పిన మాత్రలు, మెలకువగా ఉంచేవైనా నిద్రపట్టించేవైనా, చీటీ లేకుండా అసలు ముట్టుకోవద్దు.

ప్రశ్న: సార్/మేడమ్, మా రూమ్మేట్ గురించి రాస్తున్నా. మేం థర్డ్ ఇయర్. వాడికి బ్యాక్‌లాగ్స్ అయిదున్నాయి, మొన్న డిటెన్షన్ లిస్టులో, అంటే పై ఇయర్‌కి పంపకుండా ఆపేసేవాళ్ళ లిస్టులో, పేరొచ్చింది. అప్పట్నుంచి మెస్‌కి రావట్లేదు, స్నానం చెయ్యట్లేదు, రాత్రంతా పైకి చూస్తూ పడుకుంటాడు. మొన్న వాడికెంతో ఇష్టమైన క్రికెట్ బ్యాట్ నాకిచ్చేసి నాకింకెందుకురా అన్నాడు. నేను లేకపోతే మా ఇంట్లోవాళ్ళకి ఖర్చు తప్పుతుంది అని కూడా అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. చెప్తే వాడు నాతో మాట్లాడడు, చెప్పకపోతే ఏమవుతుందో అని నాకు నిద్ర పట్టట్లేదు.

జవాబు: బాబూ, నీ మెయిల్ వచ్చిన రోజే నీకు విడిగా ఫోన్ చేసి మాట్లాడాం, ఇక్కడ రాస్తున్నది ఇలాంటి రూమ్మేట్ ఉన్న మిగతా పిల్లల కోసం కూడా.

ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. ప్రాణం కంటే ఒట్టు పెద్దది కాదు. వాడు నెల రోజులు నీతో మాట్లాడకపోయినా పర్లేదు, మాట్లాడకుండా ఉండడానికి ముందు వాడుండాలి కదా.

నువ్వు చెప్పిన గుర్తులు అసలు చిన్నవి కావు. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, నేను లేకపోతే మీకు హాయి అన్న మాట, తిండి, నిద్ర, స్నానం ఒక్కసారే ఆగిపోవడం. ఇవి కనపడ్డప్పుడు చుట్టూ తిప్పకుండా సూటిగా అడగాలి. పక్కన కూర్చుని, మిగతావాళ్ళు లేనప్పుడు, ఒరేయ్ నీకు చచ్చిపోవాలనిపిస్తోందా అని అడుగు. అలా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమో అని చాలామంది భయం, అవ్వదు. అడిగితే చాలామందికి గుండెల మీద బరువు దిగినట్టుంటుంది, అప్పటిదాకా ఆ మాట ఎవరితో అనాలో తెలీక లోపలే నలిగిపోతుంటారు. అవునంటే, ఎలా అనుకుంటున్నాడో, ఎప్పుడనుకుంటున్నాడో కూడా అడుగు, దాన్ని బట్టి ఎంత తొందరపడాలో తెలుస్తుంది. వాడు చెప్తుంటే ఆపకు. మీ అమ్మానాన్నల గురించి ఆలోచించావా, ఈ మాత్రం దానికేనా, వాడికి పది బ్యాక్‌లాగ్స్ ఉన్నా హ్యాపీగా ఉన్నాడు చూడు, ఈ మూడు మాటలు మాత్రం నోట్లోంచి రానీకు. ఇప్పటికే అందరికీ భారం అయిపోయానని అనుకుంటున్నవాడికి అమ్మానాన్నల మాట ఎత్తితే ఇంకో బరువు పెట్టినట్టే. నేనిక్కడే ఉన్నా, ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికెళ్దాం అను, చాలు.

ఆ రాత్రి వాడిని ఒంటరిగా వదలొద్దు, నువ్వు అలసిపోతే ఇంకో ఫ్రెండ్‌ని పిలిచి వంతులేసుకోండి, హాని చేసుకోవడానికి పనికొచ్చేవి రూమ్‌లోంచి తీసెయ్యండి. 14416కి ఫోన్ చెయ్యి, అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఇరవై నాలుగు గంటలూ ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. వాడే చెయ్యక్కర్లేదు, నువ్వు చేసి మా ఫ్రెండ్ ఇలా ఉన్నాడు నేనేం చెయ్యాలి అని అడగొచ్చు. తెల్లారాక వార్డెన్‌కి, వాళ్ళింట్లో ఎవరు మెత్తగా మాట్లాడతారో వాళ్ళకి, నాన్నకంటే అక్కో మేనమామో అయితే వాళ్ళకే, చెప్పు. పెద్ద ప్రభుత్వాసుపత్రి ఏదైనా సైకియాట్రీ ఓపీ ఉంటుంది, హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. అర్ధరాత్రి అయితే క్యాజువాలిటీకే తీసుకుపో, లేదా 108.

పోలీస్ కేసవుతుందని, కాలేజీకి తెలిస్తే టీసీ ఇచ్చేస్తారని పిల్లలు ఆగిపోతున్నారు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ఏం చెప్తుందంటే, అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే అనుకోవాలి, ఆత్మహత్యాయత్నం చేశాడని కేసు పెట్టి శిక్షించకూడదు, ప్రభుత్వం అతనికి వైద్యం, రక్షణ చూపించాలి. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా అదే చట్టంలో ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి అసలు ఏ భయమూ పెట్టుకోవద్దు.

బ్యాక్‌లాగ్స్ సంగతి, డిటెన్షన్ సంగతి తర్వాత. వాడు కాస్త తేరుకున్నాక హెచ్ఓడీ దగ్గరికి నువ్వూ కూడా వెళ్ళు. ఇంకోటి, ఇదంతా మోసింది నువ్వు, నీకూ నిద్రలేదు, నువ్వు కూడా కౌన్సెలర్‌తో ఓసారి మాట్లాడు.

ప్రశ్న: యాంగ్జైటీకి డాక్టర్ మాత్రలు రాశారు, పది రోజులైంది, పెద్దగా తేడా లేదు. అమ్మ ఆపెయ్యమంటోంది, అలవాటు పడిపోతావు, రేపు పెళ్ళి చూపుల్లో తెలిస్తే ఎలా అంటోంది. (రాజమండ్రి, ఎమ్మెస్సీ అమ్మాయి)

జవాబు: పది రోజులకి తేడా తెలియదమ్మా. ఇలాంటివాటికి ఎక్కువగా రాసే మందులు పనిచెయ్యడం మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కొన్ని నిద్ర, ఆందోళన మాత్రలకి నిజంగానే అలవాటు పడతారు, వాటిని అందుకే కొద్దిరోజులే ఇస్తారు, నీ చీటీలో ఏవి ఉన్నాయో డాక్టర్ని సూటిగా అడుగు, అడగడం నీ హక్కు. బాగుందనిపించాక కూడా కొన్ని నెలలు వాడి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి, ఒక్కసారే ఆపేస్తే తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి వస్తాయి. నీ వయసులో, 25 లోపు వాళ్ళలో, మందు మొదలుపెట్టిన కొత్తలో ఎప్పుడన్నా చెడ్డ ఆలోచనలు ఎక్కువైతే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి, ఈ సంగతి అమ్మకి కూడా తెలియాలి. తరవాతి అపాయింట్‌మెంట్‌కి ఆవిడని వెంట తీసుకెళ్ళు. షుగర్ మాత్రలు వేసుకునే అమ్మాయికి పెళ్ళి ఆగట్లేదు, నీకెందుకు ఆగాలి.

ప్రశ్న: అమ్మా, మాది ఖమ్మం దగ్గర. అబ్బాయి అమెరికా టెక్సాస్‌లో ఎంఎస్, మూడో సెమిస్టర్. లోన్ తీసి పంపాం. రెండు నెలలుగా ఫోన్ సరిగా ఎత్తట్లేదు, ఎత్తినా బాగానే ఉన్నా అని పెట్టేస్తున్నాడు. వీడియో కాల్‌లో చిక్కిపోయి కనిపించాడు. యూనివర్సిటీకి మెయిల్ పెడితే మీకు వివరాలు ఇవ్వలేం అన్నారు. ఏం చెయ్యాలో తోచట్లేదు.

జవాబు: అన్నయ్యగారూ, మీ ఆందోళన అర్థమవుతోంది. అక్కడ 18 దాటిన విద్యార్థి వివరాలు తల్లిదండ్రులకైనా అతను ఒప్పుకోకుండా ఇవ్వరు, అది వాళ్ళ చట్టం. కానీ మీరు చెప్పేది వాళ్ళు వింటారు, ఇది చాలామందికి తెలీదు. డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసు అని ఉంటుంది, మా అబ్బాయి గురించి కంగారుగా ఉంది, ఈ మార్పులు చూశాం అని రాయండి, వాళ్ళు ఏం చేశారో మీకు చెప్పకపోయినా అబ్బాయిని పిలిచి మాట్లాడే అవకాశం ఉంది. ఓ రోజంతా అసలు దొరకకుండా పోయి ప్రాణభయం అనిపిస్తే క్యాంపస్ పోలీసులకి ఫోన్ చేసి వెల్‌నెస్ చెక్ అడగండి, రూమ్‌కి వెళ్ళి చూసొస్తారు. అక్కడి అత్యవసర మానసిక సహాయం నంబర్ 988, కాల్ చెయ్యొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు, అబ్బాయి ఫోన్లో సేవ్ చేయించండి.

యూనివర్సిటీలో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, చాలాచోట్ల స్టూడెంట్ ఫీజులోనే కలిసి ఉంటుంది కాబట్టి కొన్ని సెషన్లకి విడిగా డబ్బు కట్టక్కర్లేదు, మన పిల్లలు బిల్లు వస్తుందని భయపడి వెళ్ళరు. ఒకవేళ ఈ సెమిస్టర్ మొత్తం కోర్సులు మోయలేకపోతున్నాడంటే, ఆరోగ్యకారణంతో తక్కువ కోర్సులు తీసుకోడానికి ఎఫ్1 వీసాలో, అంటే విద్యార్థి వీసాలో, వీలుంది, లైసెన్స్ ఉన్న డాక్టరో సైకాలజిస్టో ఉత్తరం ఇవ్వాలి, ఇంటర్నేషనల్ ఆఫీసు ముందుగా ఒప్పుకోవాలి, ఒక డిగ్రీకి మొత్తం 12 నెలల దాకా ఇస్తారు. ముందు కోర్సు డ్రాప్ చేసేసి తర్వాత చెప్తే మాత్రం వీసాకే ఇబ్బంది, ఈ వరస తప్పొద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి.

ఇంక ఇంటి మాట. అబ్బాయి బుర్రలో ఇప్పుడు తిరుగుతున్నది బహుశా ఇది: చదువవ్వగానే ఓపీటీ, అంటే అక్కడ కొన్నాళ్ళు ఉద్యోగం చేసుకోడానికి ఇచ్చే అనుమతి, అందులో ఉద్యోగం లేకుండా 90 రోజులకి మించి ఉండకూడదు, ఇక్కడేమో లోన్ వడ్డీ. మీరు ప్రేమతోనే అడుగుతారు ఉద్యోగం ఏమన్నా తగిలిందా నాన్నా అని, వాడికి మాత్రం అది రోజూ రిజల్ట్ అడిగినట్టుంటుంది, అందుకే ఫోన్ ఎత్తడు. ఓ నెల రోజులు ఆ మాట ఎత్తకండి. ఏం వండుకున్నావ్, రూమ్‌లో ఎవరెవరున్నారు, చలి మొదలైందా, ఇవి అడగండి. ఓసారి మీరే అనండి, ఏమీ కాకపోతే వచ్చెయ్ నాన్నా, లోన్ సంగతి మేం చూసుకుంటాం అని. కష్టమే, భూమి తనఖా పెట్టినవాళ్ళకి ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా అనండి, ఆ మాట వాడికి వినపడాలి.

ప్రశ్న: నేను ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని. మా కాలేజీలో కౌన్సెలర్‌గా మమ్మల్నే వేశారు, ఒక్కొక్కరికి ఇరవై మంది పిల్లలు, నెలకోసారి సంతకాలు. ఎవరూ వచ్చి ఏమీ చెప్పరు. ఇది సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. మార్కులేసే మనిషి దగ్గర పిల్లలు మనసు విప్పరు, అది మీ తప్పు కాదు. మెంటర్ వేరు, కౌన్సెలర్ వేరు, ఇద్దరూ కావాలి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ళ అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటా విద్యాసంస్థలకి మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒక్కరుండాలి. స్టాఫ్‌కి ఏడాదికి రెండుసార్లన్నా శిక్షణ ఇవ్వాలి, టెలీ మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి. చట్టం వచ్చేదాకా ఇవి పాటించి తీరాలని కోర్టు చెప్పింది. ఈ తీర్పు కాపీ ప్రింట్ తీసి ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద పెట్టండి, ఒక్కరే వెళ్ళకండి, నలుగురు కలిసి వెళ్ళండి.

కౌన్సెలర్ వచ్చాక రూమ్ ఎక్కడిస్తారో చూడండి. ప్రిన్సిపాల్ చాంబర్ పక్కన, ఎగ్జామ్ సెల్ ఎదురుగా ఇస్తే ఎవరూ రారు, అక్కడికి వెళ్ళేవాడిని కాలేజీ మొత్తం చూస్తుంది. లైబ్రరీ పక్కనో హెల్త్ సెంటర్లోనో ఇవ్వమనండి, క్లాసులయ్యాక సాయంత్రం కూడా ఉండాలి.

మెంటర్‌గా మీరు చెయ్యగలిగేది ఒకటుంది, అది కౌన్సెలర్ కూడా చెయ్యలేడు. అటెండెన్స్ రిజిస్టర్ మీ చేతిలో ఉంది. జేఎన్టీయూ రూల్ ప్రకారం 75 శాతం ఉండాలి, 65 దాకా సరైన కారణం చూపిస్తే కాలేజీ మన్నించొచ్చు, ఇది పిల్లలకి సెమిస్టర్ చివర్లో లిస్టు అంటించాక తెలుస్తుంది. రోజూ వచ్చే పిల్లాడు వరసగా వారం రాకపోతే ఆ వారమే ఫోన్ చెయ్యండి, ఇంటికి కాదు, వాడికే. ఎందుకు రావట్లేదు అని కాకుండా, కనపడట్లేదేంటి, ఒంట్లో బాగుందా అని అడగండి. రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు, దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.